దాలమ్మప్ప బొటనవేలు

పోయిన నెలలో మా అక్క కూతురు శిరీష సోంపేట నుంచి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "పిన్నీ, సీటొచ్చేసింది. లా, సోషల్ వర్క్ రెండూ కలిపి చదివే కోర్సు. నువ్వు చదివిందే" అంది. నేను చదివిన రోజుల్లో ఆ కోర్సు పేరు చెబితే టెక్కలిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. "అయితే లాయరువా, బాలవాడీ టీచరువా?" అని అడిగేవాళ్లు. రెండూ అవునని చెప్పలేక, రెండూ కాదని చెప్పలేక నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు శిరీష చేతిలో రంగురంగుల పుస్తకం ఉంది. ఏ సెమిస్టరులో ఏం చదవాలో, ఎన్ని రోజులు ఊళ్లల్లో తిరగాలో అన్నీ అందులో అచ్చేసి ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ దాకా చదివాను. పిల్ల పక్కన కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఈ రెండు చదువులూ ఒకదానితో ఒకటి దెబ్బలాడుకోవా పిన్నీ?" ఆ ప్రశ్న నాకు నచ్చింది. దాని వయసులో నాకది తట్టలేదు, తట్టి ఉంటే బాగుండేది. దెబ్బలాడుకున్నాయే తల్లీ, ఒక్కసారి గట్టిగానే దెబ్బలాడుకున్నాయి, అదీ ఒక ఆడమనిషి బొటనవేలి దగ్గర, అని మొదలుపెట్టాను. సగంలో ఉండగా దాని బస్సు టైమైపోయింది. చెప్పిన సగంలో నేను మంచిదాన్నిగానే కనిపిస్తాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు టెక్కలిలో, కోర్టుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. నాన్న ఆ కోర్టులో బెంచి గుమాస్తా. జడ్జి గారి బల్ల ముందు కూర్చుని కాగితాలు అందించడం, సాక్షుల్ని పిలిపించడం, చదువురాని వాళ్ల చేత వేలిముద్రలు వేయించడం ఆయన పని. సాయంత్రం ఇంటికి రాగానే ముందు పెరట్లోకి వెళ్లి, అమ్మ పులిహోరకో చారుకో పిండేసిన నిమ్మడిప్ప తీసుకుని వేళ్లు తోముకునేవాడు. ఇంకు మరక పూర్తిగా పోయేది కాదు. ఆ ఇంకు వాసన, నిమ్మ వాసన కలిస్తే అదే నాన్న వాసన. అరుగు మీద నాయనమ్మ చుట్ట కాలుస్తూ ఉండేది, అదీ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా వైపు దాన్ని అడ్డపొగ అంటారు. నాలిక కాలదా అని చిన్నప్పుడు రోజూ అడిగేదాన్ని. "అలవాటైపోతే అదేటి సేత్తాదే" అనేది నాయనమ్మ, బూడిద తుపుక్కున ఉమ్మి. ఒకరోజు ఎవరూ చూడకుండా ఆరిపోయిన చుట్ట అలా పెట్టుకుని చూశాను. వాంతి చేసుకుని, అమ్మ చేత నాలుగు తిన్నాను. ఏ సంగతైనా స్వయంగా తెలుసుకుంటే తప్ప నిద్రపట్టని రోగం నాకు అప్పటి నుంచే ఉంది.

కోర్టు మాట గడప దాటి లోపలికి రాకూడదని నాన్న నియమం. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని అడిగితే కంచం వైపు చూసేవాడు. కానీ వేళ్ల సంగతి మాత్రం అడక్కుండానే చెప్పేవాడు. భావనపాడు వైపు నుంచి వచ్చిన వల లాగే మనిషి వేలు ఎలా ఉంటుందో, కొబ్బరి చెట్లెక్కే మనిషి వేలు ఎంత వెడల్పో, వేలు ముందు తడిగుడ్డతో తుడిచి, ఇంకు పూసి, ఎడమ నుంచి కుడికి ఎలా దొర్లించాలో భోజనాల దగ్గర చేసి చూపించేవాడు. "అన్నిటికంటే కష్టం పలాస జీడి ఆడోళ్ల వేళ్లు. ఎంత జాగర్తగా ఏయించు, నల్లటి మచ్చే పడతాది. గీతన్నదే ఉండదు" అన్నాడొకసారి. ఎందుకుండదు అన్నాను. పలాస వెళ్లి చూడమన్నాడు. అప్పుడు వెళ్లలేదు. ఆ మాట మాత్రం బుర్రలో ఎక్కడో ఉండిపోయింది.

యూనివర్సిటీలో పొద్దున లా క్లాసులు, మధ్యాహ్నం సోషల్ వర్క్ క్లాసులు జరిగేవి. మధ్యలో హాస్టల్లో పలచటి సాంబారు. మాకు ఆ రెండు పూటల మధ్య తేడా చూడడమే పెద్ద వినోదం. పొద్దున లా మాస్టారు ఒక కేసు చెప్పారు. పక్కింటి కోడిని ఎత్తుకుపోయి కూర వండుకున్న ఆడమనిషి కేసు. ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు, ఈకలు ఎవరి పెరట్లో దొరికాయి, ఇదీ ఆయన వరస. మధ్యాహ్నం అదే కేసు తీసుకెళ్లి సరళ మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ, "అంతకు ముందు రోజు ఆ ఇంట్లో ఏం వండారు?" అన్నారు. ఒకే కోడి, రెండు చదువులు. పొద్దున పూట మనిషి ఏం చేసిందో వెతికేవాళ్లం, మధ్యాహ్నం పూట మనిషికి ఏం కావాలో వెతికేవాళ్లం. పరీక్షలో ఒకసారి ఈ పేపరు జవాబు ఆ పేపరులో రాసి చీవాట్లు కూడా తిన్నాను. రెండూ తెలిస్తే ఇక నాకు అర్థం కానిదంటూ ఉండదని మాత్రం గట్టిగా నమ్మాను. ఇరవై రెండేళ్ల పిల్లకి ఆ మాత్రం పొగరు ఉండకూడదా అని ఇప్పుడు నన్ను నేనే వెనకేసుకొస్తుంటాను.

మూడో ఏడు మమ్మల్ని మూడు నెలలు ఊళ్లల్లోకి పంపారు. నేను పలాస అడిగి తీసుకున్నాను. పగలు జీడి ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల బాగోగులు చూసి రిపోర్టు రాయాలి, వారానికి రెండు రోజులు టెక్కలిలో ఒక లాయరు గారి దగ్గర పేదవాళ్ల ఉచిత కేసుల్లో సాయం చేయాలి. టెక్కలి బస్సు పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గ చేరుతుండగానే జీడిపిక్కలు కాలుస్తున్న పొగ ముక్కుకి తగిలేది. తియ్యగా, ఘాటుగా, గొంతు వెనక అంటుకునే వాసన. ఇంటికెళ్లి తలంటు పోసుకున్నా జడలోంచి వచ్చేది. కాల్చిన జీడిపిక్కని ఎడమ చేత్తో నిలబెట్టి పట్టుకుని, కుడిచేత్తో చెక్క సుత్తితో కొట్టి, పెంకులోంచి పప్పు విరక్కుండా తీయాలి. పెంకులోంచి కారే సొన చర్మాన్ని తినేస్తుంది. చేతులకి బూడిద రాసుకునేవాళ్లు, కొంతమంది ఆముదం రాసుకునేవాళ్లు. సొన ఎక్కువ కారేది పిక్క పట్టుకునే ఎడమ చేతి మీద. కోర్టు అడిగేదీ ఎడమ చేతి బొటనవేలే.

అక్కడే దాలమ్మప్పని చూశాను. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడకి నలభై దాటి ఉంటాయి, మాట మంచి పదును. మొదటి రోజు నేను ఆవిడ అరచెయ్యి పట్టుకుని వంగి చూస్తుంటే, "ఏటి పాపగోరూ, అలగ సూత్తన్నారు? జాతకం సెప్తారేటి? గీతల్నేని సేతికి జాతకం నేదు, ఒగ్గీయండి" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నిజంగానే ఆ వేలికి గీతల్లేవు. నల్లబడి, పొరలు లేచి, మధ్యలో ఎర్రగా పచ్చిగా ఉంది. నాన్న మాట అప్పుడు కళ్లారా చూశాను. పదిహేనేళ్ల నుంచి పిక్కలు కొడుతోందట. మందస వైపు ఊరి నుంచి తెల్లారి బస్సుకి వచ్చి పొద్దుగూకే బస్సుకి వెళ్లేదట. మొగుడు పోయాక మాత్రం పలాసలోనే ఒక గది తీసుకుని ఉంటోంది. ఊరు ఎందుకు వదిలేశావని అడిగితే నవ్వు ఆపేసింది.

ఆవిడకి పెళ్లిలో పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన అరెకరం తోట ఉంది. పాతిక జీడిమామిళ్లు, పదకొండు కొబ్బరి చెట్లు, ఒక పనస. మొగుడికి కాళ్లూ మొహం పొంగి, ఆకలి చచ్చిపోయి, ఏడాది తీసుకుని పోయాడు. మందస, సోంపేట వైపు ఉద్దానం ఊళ్లల్లో ఆ కిడ్నీల జబ్బు ఇంటింటికీ ఉండేది, అప్పటికి దానికి ఊళ్లో పేరు లేదు. అతను పోయిన కొన్నాళ్లకి మరిది లోకనాథం తోటలో కంచె వేసి, వదినని అడుగు పెట్టనివ్వలేదు. తోట తనకి ఎప్పుడో అప్పగించేసిందని ఒక కాగితం చూపించాడు. అది రిజిస్టరైన కాగితం కాదు, ఊళ్లో రాసుకున్నది. దాని మీద మొగుడు బతికున్న రోజుల తేదీ, అంటే అతను పోవడానికి రెండేళ్ల ముందుది ఉంది. కింద బొటనవేలి ముద్ర ఉంది. "నాను ఎయ్యనేదు పాపగోరూ. తోట ఇచ్చీసినానని నాను ఏ కాయితం మీదా ఏలెయ్యనేదు. ఆ పనస మా అమ్మ పాతిన సెట్టు. ఆ తోట నేకపోతే నాకు ఊరే నేదు" అంది. ఆవిడ కేసు మా లాయరు గారి దగ్గరే ఉంది. ఆ తోట ఆవిడకి తిరిగి రావాలి. నాకు ఆ వేసవిలో ఇంకో ధ్యాస లేదు.

కోర్టులో దాఖలైన కాగితాన్ని లాయరు గారితో కలిసి చూశాను. ముద్ర చక్కగా ఉంది. ఒక్కొక్క గీతా లెక్కపెట్టొచ్చు. పిక్క కొట్టే మనిషి వేలు ఇలా పడదు కదా! లాయరు గారికి గబగబా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, "అమ్మాయ్, ఇది నాకు తోచనేలేదు" అన్నారు. జీడి పని చేసే ఈమె వేలికి గీతలే ఉండవు, కాబట్టి ఈ ముద్ర ఈమెది కాదు అని కోర్టులో రాసిచ్చాం. ఆ రోజు టెక్కలి వీధుల్లో నేను నేల మీద నడవలేదు. నాన్నకి చెప్పబోయాను. కోర్టు మాట అని గుర్తొచ్చిందో ఏమో, ఆయన లేచి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు.

ఇక్కడిదాకా పొద్దున పూట చదువు. మధ్యాహ్నం పూట చదువు తన పని తాను చేసుకుపోయింది. దాలమ్మప్ప రాత్రిళ్లు చెయ్యి నీళ్లలో పెట్టుకుని కూర్చుంటుందని, సొన తగిలిన కుడిచేత్తో ముద్ద కలుపుకోలేక చెంచా అడుగుతుందని తెలిసి నేను ఊరుకోలేకపోయాను. ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్లి మందు రాయించాను. ఫ్యాక్టరీ యజమానితో నాలుగు రోజులు పోరాడి, ఆవిడని పిక్క దగ్గర నుంచి పప్పు ఏరే చోటుకి మార్పించాను. అక్కడ సొన ఉండదు. పప్పుని సైజు చూసి వేరు చేయడమే. వారం వారం వెళ్లి చేతులు చూసి రాసుకునేదాన్ని. పొరలు రాలాయి, ఎరుపు తగ్గింది, లేత చర్మం వచ్చింది. ఒకరోజు ఆవిడే నన్ను పిలిచి, వేలు ఎండలో పెట్టి, "ఇదిగో సూడండి పాపగోరూ, గీతలు మొలిసినాయి. ఇప్పుడు సెప్పండి జాతకం" అంది. ఇద్దరం ఆ వేలు వంక చిన్నపిల్లల్లా చూస్తూ నిలబడ్డాం. మూడు నెలలూ అయ్యి యూనివర్సిటీకి తిరిగి వెళ్లాక, సరళ మేడమ్ నా వారం వారం రాతల్ని క్లాసులో చదివి వినిపించారు. నేను చేసిన రెండు పనులూ ఒకే మనిషి ఒకే వేలు మీద జరుగుతున్నాయని, నవ్వొస్తుంది చెప్పడానికి, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

కేసు పిలిచిన రోజు నేను సెలవు పెట్టుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. అవతలి లాయరు లేచి, వేలికి గీతల్లేవంటున్నారు కదా, ఇక్కడే ముద్ర వేయించండి చూద్దాం అన్నాడు. నాన్న తడిగుడ్డతో దాలమ్మప్ప వేలు తుడిచి, ఇంకు పూసి, ఎడమ నుంచి కుడికి దొర్లించాడు. గీతలు ఒక్కొక్కటీ చక్కగా పడ్డాయి. అవతలి లాయరు ఆ కాగితం ఎత్తి అందరికీ చూపించాడు. రెండు ముద్రల్నీ పరీక్షకి పంపారు. కొన్ని వారాలకి జవాబు వచ్చింది. రెండూ ఒకే వేలివి. మేం రాసిచ్చింది అబద్ధం, దాలమ్మప్ప అబద్ధాలకోరు. ఊరి నుంచి వచ్చినవాళ్లు ఆవిడ మొహం మీదే ఆ మాట అన్నారు. "నాను ఎయ్యనేదు బాబూ" అని ఆవిడ ఒక్కటే మాట అంటూ మెట్లు దిగింది.

నిజం చెప్పాలంటే నేను కూడా ఆవిడని నమ్మలేదు. మర్నాడు పలాస వెళ్లి, గది ముందు నిలబడే, "అప్పా, నాకైనా నిజం చెప్పాల్సింది. వేలేశావా లేదా?" అన్నాను. ఆవిడ నా వంక చూసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అరగంట ఆ గుమ్మం ముందే కూర్చున్నాను. ఆ అరగంటలో నేను చదివిన రెండో చదువు గుర్తొచ్చింది. నేను అడగాల్సింది అది కాదు. తలుపు తీశాక వేరేగా అడిగాను. "అప్పా, ఈ పదిహేనేళ్లలో నీ చేతులు ఇలా బాగుపడింది ఇంకెప్పుడైనా ఉందా?" "నా మొగుడు పోయినప్పుడు. మూడు నెల్లు మూల కూకున్నాను కదా, పనికి ఎల్లనేదు. సేతులు ఇలగే మెత్తబడినాయి" అంది. ఆ మూడు నెలల్లో ఇంటికి ఎవరొచ్చారు? "ఎవులొత్తారు? లోకనాదమే బియ్యం అయ్యీ తెచ్చీవోడు. రేసన్ కార్డులో ఆడి అన్న పేరు తీయించాలని ఒక కాయితం తెచ్చినాడు. ఏలేసినాను" అని, తన బొటనవేలు వంక చూసుకుంది. "ఓలమ్మ. అదేనేటి?"

అదే. ఆవిడ అబద్ధం చెప్పలేదు. తోట కాగితం మీద వేలు వేయలేదు, రేషన్ కార్డు కాగితం మీద వేసింది. లోకనాథం దాని మీద రెండేళ్ల కిందటి తేదీ రాయించుకున్నాడు. ఆ తేదీనాడు దాలమ్మప్ప పిక్కలు కొడుతోంది. పిక్కలు కొట్టే చేతికి అంత చక్కటి ముద్ర పడదు. అంటే ముద్ర నిజం, తేదీ అబద్ధం. లాయరు గారు విని తల పట్టుకున్నారు. వాదన బాగుంది కానీ రుజువేది? ఆ రోజుల్లో ఆవిడ పనిలో ఉన్నట్టు ఫ్యాక్టరీలో పుస్తకం ఏదైనా ఉందా? వెళ్లి అడిగాను. ఆడవాళ్ల పేర్లు రాసే అలవాటే అక్కడ లేదు. రుజువుగా ఉండాల్సింది ఆవిడ వేలు. ఆ వేలిని నేను మాన్పించేశాను. కోర్టు దాన్ని గీతలతో సహా చూసేసింది.

లాయరు గారి వరండాలో మేం ముగ్గురం కూర్చుని ఉండగా దాలమ్మప్పే ఆ మాట అంది. "ఇందులో ఏటుంది? నెల్రోజులు మళ్లీ పిక్క కొడతాను. గీతలు పోతాయి. అప్పుడు ఏలెయ్యమనండి, జడ్జిగోరే సూత్తారు." లాయరు గారు నా వైపు చూశారు. ఆవిడ చేతుల సంగతి నాది కాబట్టి జవాబు నేనే చెప్పాలని ఆయన ఉద్దేశం. నేను వద్దనలేదు. సరేననీ అనలేదు. వీధి వైపు చూశాను. ఆ మర్నాడే ఆవిడ పప్పు ఏరే చోటు వదిలి పాత పీట దగ్గరకి వెళ్లింది. లేత చర్మం కదా, మూడు రోజులకే బొబ్బలు లేచాయట. మొదటిసారి పని నేర్చుకున్నప్పుడు కూడా అంత బాధ లేదని తర్వాత చెప్పింది.

ఆ నెల దాటాక కేసు మళ్లీ పిలిచారు. ముద్ర ఆవిడదే కానీ తేదీ అబద్ధమని, పనిలో ఉన్న వేలు ఎలా పడుతుందో చూడమని మా లాయరు గారు అడిగారు. కావాలని కాల్చుకుందని అవతలి లాయరు అరిచాడు. జడ్జి గారు దాలమ్మప్పని దగ్గరకి రమ్మని, ఇప్పుడు ఏం పని చేస్తున్నావని అడిగారు. "పదేనేళ్లు సేసిందే సేత్తన్నాను బాబూ" అంది. నాన్న తడిగుడ్డ తీశాడు. వేలు చూసి, తుడవకుండా గుడ్డ పక్కన పెట్టి, ఇంకు మాత్రం మెల్లగా అద్దాడు. కాగితం మీద నల్లటి మచ్చ పడింది. జడ్జి గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత లోకనాథాన్ని బోనెక్కించి, ఈ కాగితం రాసుకున్న రోజుల్లో మీ వదిన ఏం చేసేదని మామూలుగా అడిగారు. "జీడి పనికే ఎల్లీది బాబూ" అన్నాడతను. రోజూనా? "రోజూనే. ఆదోరం కూడా మానీది కాదు." అవతలి లాయరు కళ్లు మూసుకున్నాడు. తీర్పు రావడానికి ఇంకొన్ని నెలలు పట్టినా, తోట ఆ పూటే తిరిగి వచ్చిందని అందరికీ తెలిసిపోయింది.

ఇప్పుడు పలాసలో పిక్కలు కొయ్యడానికి మిషన్లు వచ్చాయి, చేతులకి తొడుగులు వచ్చాయి. ఆ పొగ వాసన కూడా మునుపటంత లేదు. కానీ పాత తరం ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. మొన్నామధ్య మా వీధి రేషన్ బండి దగ్గర ఒక ముసలావిడ వేలిని ముద్ర చూసే మిషను ఆరుసార్లు కాదంది. కుర్రాడు ఓపికగానే వేలు తుడిచి, కొబ్బరినూనె రాయించి మళ్లీ పెట్టించాడు. అవలేదు, కంటి మిషను ఉన్న చోటుకి వెళ్లమన్నాడు. ఆవిడ చిరాకు పడకుండా సంచీ మడుచుకుని వెళ్లింది. నాన్న రోజుల్లో వేలిని ఒక మనిషి చూసేవాడు, మచ్చ పడితే ఎందుకు పడిందో ఆయనకి తెలుసు. మిషనుకి వేలు అయితే ఉంది, లేకపోతే లేదు. అప్పటి కోర్టే నయమని అనబోయి ఆగిపోయాను. ఆ కోర్టులో ఒక మనిషి చెయ్యి కాల్చుకుంటే గానీ తోట రాలేదు. అంతకంటే ముఖ్యంగా, ఆ విషయంలో మాట్లాడే హక్కు నాకు పెద్దగా లేదు.

ఆ ఏడు నేను రెండు రిపోర్టులు రాశాను. కేసు మీద రాసిన రిపోర్టుకి లా మాస్టారు అందరికంటే ఎక్కువ మార్కులు వేశారు. రెండో రిపోర్టు సరళ మేడమ్‌కి ఇచ్చాను. అందులో అన్నీ రాశాను, మళ్లీ లేచిన బొబ్బలతో సహా. ఆవిడ చివర ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్న రాసి తిప్పి పంపారు: "ఇంకో దారి లేకపోయిందా?" దాని కింద నేను ఒకే మాట రాసి ఇచ్చాను. లేదు అని. దాలమ్మప్ప ఆ తోటలో పద్నాలుగేళ్లు బతికింది, ఏటా పనసకాయ పంపేది, పోయి చాలా కాలమైంది. నాన్న పోయాడు, మేడమ్ ఎక్కడున్నారో తెలియదు. ఆ 'లేదు' అబద్ధమని చెప్పడానికి ఇప్పుడు నేను ఎవరికీ భయపడక్కర్లేదు. అయినా ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆవిడ మళ్లీ పిక్క పట్టిన ఎనిమిదో రోజున చూడ్డానికి వెళ్లాను. వరసగా పన్నెండు మంది ఆడవాళ్లు పీటల మీద కూర్చుని కొడుతున్నారు. దాలమ్మప్ప ఎడమ చేతికి గుడ్డ పీలిక చుట్టుకుంది, పీలిక తడిసి ఉంది. పక్క పీట మీద కాంతమ్మ అనే ఆవిడ సుత్తి ఆపి, తన బొటనవేలు నా మొహం ముందు పెట్టింది. "పాపగోరూ, నా ఏలు సూపిత్తే అవదేటి? మాయందరిదీ ఇదే ఏలు కదా. ఆ ఏడు ఇది నా పక్కనే కూకుని కొట్టిందని నాను వొచ్చి సెప్తాను. దీన్నెందుకు ఏడిపిత్తన్నారు?" అంత తేలికైన సంగతి. లాయరు గారికి ఒక్కమాట చెబితే చాలు. కానీ ఆ క్షణంలోనే ఇంకొకటి కూడా తోచింది. కోర్టు హాల్లో గీతలతో పడిన ఆ వేలే గీతల్లేకుండా పడితే ఎలా ఉంటుందో నాకు కనిపించింది. అది చూడాలని ఉంది. అలా గెలవాలని ఉంది. "కోర్టు ఒప్పుకోదు" అన్నాను. ఒప్పుకుంటుందో లేదో నేను ఎవర్నీ అడగలేదు. కాంతమ్మ ఇంకేదో అనబోయింది. దాలమ్మప్ప ఆవిడని కసిరింది. "పాపగోరికి తెల్దేటే? ఊరుకో" అని, గుడ్డ పీలిక సరిచేసుకుని, ఇంకో పిక్క తీసుకుంది.